మా మావయ్య నడిపిన చెరువు

ఈమధ్య మద్దిలపాలెంలోని మా ఆఫీసుకి ఒక నివేదిక వచ్చింది. ఊరి అంచున ఉన్న ఒక చిత్తడినేల ఆరోగ్యం గురించి ఎవరో కన్సల్టెంట్లు రాసినది. అటువంటి నివేదికలు చదివి, అందులోని ప్రతి వాక్యాన్నీ ‘నువ్వెక్కడినుంచి వచ్చావు, నీ వెనక ఎవరున్నారు’ అని నిలదీయడం నా ఉద్యోగం. ఇది మనిషిని పెళ్ళిభోజనాలకి పనికిరాకుండా చేసే ఉద్యోగం. పక్కన కూర్చున్న పెద్దమనిషి మజ్జిగపులుసు ఒంటికి చలవ అంటే, ఎవరి ఒంట్లో కొలిచారండీ అని అడగాలనిపిస్తుంది. ఒకసారి అడిగాను కూడా. ఆయన మళ్ళీ నా వైపు తిరగలేదు. ఇంతకీ ఆ నివేదికలో ఒక పుట నిండా బొమ్మ ఉంది. నాలుగైదు గళ్ళు, వాటి మధ్య బాణాలు. ‘పోషకాలు’ అన్న గడిలోంచి బయలుదేరిన బాణం ‘నాచు’ అన్న గడిలోకి వెళ్ళి, అక్కడినుంచి బయటపడి, ‘చేపల మరణం’ అన్న గడిలో నిశ్చింతగా దిగబడింది. మాటలతో నాకు ఇంత తగాదా లేదు. మాట ముందు ‘బహుశా’ అని చేర్చుకునే వీలుంది. బాణానికి ఆ వీలు లేదు. గీశాక అది గుచ్చుకోవలసిందే. పెన్సిల్ తీసి ఆ బాణం పక్కన ప్రశ్నార్థకం పెట్టబోయి ఆగిపోయాను. మా పెద్దమావయ్య గుర్తొచ్చాడు. ఆయన నడిపిన చెరువు గుర్తొచ్చింది. నడిపిన అన్నది ఆయన మాటే. చెరువుని ఎవరైనా చూస్తారు, తవ్వుతారు, మహా అయితే ఈదుతారు. మావయ్య మాత్రం నడిపాడు.

మావయ్యది కృష్ణా జిల్లా. చదువు కాగానే విశాఖ వచ్చి ఉక్కు ఫ్యాక్టరీలో చేరి, తన సర్వీసంతా బ్లాస్ట్ ఫర్నేస్ కంట్రోల్ రూములోనే గడిపిన ఇంజనీరు. రిటైరయ్యాక కూడా ఆయనకి ఉదయం, మధ్యాహ్నం, రాత్రి అన్నవి లేవు; ఎ షిఫ్టు, బి షిఫ్టు, సి షిఫ్టు ఉండేవి. మా అత్తయ్య కందిపప్పు అయిపోయిందంటే, ‘బి షిఫ్టులో తెస్తాలే’ అనేవాడు. గాజువాక దాటాక ఆటోనగర్ వెనకవైపు, ఫ్యాక్టరీ స్నేహితులంతా కలిసి స్థలాలు కొనుక్కున్న కాలనీలో ఆయన ఇల్లు. వీధి చివర చెరువు. చెరువంటే మరీ పెద్దదేమీ కాదు. కొండమీంచి గెడ్డలో, అంటే వాగులో, వచ్చే నీళ్ళు కాసేపు ఆగి, అలసట తీర్చుకుని, రోడ్డు కింది తూములోంచి ముందుకు పోయే పల్లం. లేఔట్ కాగితాల్లో దాన్ని చెరువని కూడా అనలేదు, ‘ఉమ్మడి ఖాళీ స్థలం’ అన్నారు. నీళ్ళతో నిండిన దాన్ని ఖాళీ అనడంలో ఉన్న సాహసం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. అందులో గుర్రపుడెక్క, దానిమీద అడుగులు లెక్కపెట్టుకుంటున్నట్టు నడిచే కొంగలు, కాలనీవాళ్ళు ఎప్పుడో సరదాగా వదిలిన బొచ్చె చేపలు, ఎవరూ వదలకుండానే వచ్చిన కొర్రమీనులు. సెలవు రోజుల్లో బస్సెక్కి అక్కడికి వెళ్ళడం నాకు అలవాటు. అత్తయ్య చేసే గోంగూర పప్పు ఒక కారణం, మావయ్యతో వాదన రెండో కారణం. ఏది ఎంత అని మాత్రం అడగవద్దు.

ఫర్నేస్ గురించి మావయ్య చెప్పే మాటలు నాకు కంఠతా వచ్చు. దాని లోపలికి ఎవరూ చూడలేరు. పైనుంచి ఖనిజం, కోకు, సున్నపురాయి వేస్తారు. కిందనుంచి వేడిగాలి ఊదుతారు. మధ్యలో ఏమవుతోందో బయటికి వచ్చే వాయువునీ లోహాన్నీ బట్టి ఊహించుకోవాలి. పైన వేసినది కింద కనబడడానికి ఇంచుమించు ఒక షిఫ్టు పడుతుంది. అందుచేత ఒకడు చేసిన మార్పు ఫలితం తరవాత వచ్చినవాడి నెత్తిన పడుతుంది. తొందరపడి వాడు ఇంకో మార్పు చేశాడా, ఇక ఏది దేనివల్లో దేవుడు కూడా చెప్పలేడు. అందుకని కంట్రోల్ రూములో ఒక ఆచారం ఉండేదట: ఒకసారికి ఒకటే మార్చు, మార్చాక చేతులు కట్టుకుని కూర్చో, ఫలితం వచ్చేదాకా ఇంకేదీ ముట్టుకోకు. కొత్తగా చేరినవాళ్ళ చేతులు దురద పెట్టకుండా చూడడమే పెద్దవాళ్ళ పని. ‘నేను నేర్చుకున్న సైన్సంతా అదేనమ్మాయ్. చేతులు కట్టుకోవడం’ అనేవాడు. నిజానికి ఇది గొప్ప ఆచారమే. నేను చదువుకున్న ప్రయోగశాలల్లో కూడా దీన్ని మించినది చెప్పలేదు. చిక్కల్లా అది ఉక్కు కొలిమిలో పుట్టిన ఆచారం కావడంలో ఉంది.

కొన్నేళ్ళ కిందట, ఒక వేసవి చివర చెరువు కంపుకొట్టడం మొదలుపెట్టింది. దోమలు కూడా పెరిగాయి. కాలనీ సంఘం ప్రెసిడెంటు స్థానికుడు, మాటలో మెరుపున్నవాడు, మావయ్యకి మంచి స్నేహితుడు. ఒకరినొకరు ‘బావా’ అనుకునేవారు. ఒక ఆదివారం నేను అక్కడ ఉండగానే ఆయన వచ్చి వరండాలో కూర్చున్నాడు.

“ఏటి బావా ఈ కంపు? నిన్న మా ఇంటికి సుట్టాలొచ్చేరు. ముక్కు మూసుకుని కాఫీ తాగేరు. ముక్కు మూసుకుంటే కాఫీ రుసేటి తెలుస్తాది? బాగులేదని ఎల్లిపోయేరు. మా ఆవిడ నా మీద పడతంది.”

“దానికి నేనేం చెయ్యను బావా?”

“సంఘంలో అందరూ ఒకటే మాట. మట్టి తోలించి కప్పేద్దాం, షటిల్ కోర్టేసుకుందాం, కార్లెట్టుకుందాం అంతన్నారు. నువ్వు ఒద్దంతన్నావని ఆపేను. వర్షాలెల్లిపోయేలోగా కంపు పోవాల, దోమలు పోవాల. పోకపోతే నాను ఆపలేను. మల్లీ సెప్పలేదనొద్దు.”

“పని చెయ్యని ఫర్నేస్‌ని పూడ్చిపెడతామా? రిపేరు చేస్తాం.”

“రిపేరు సెయ్యడానికి అదేమన్నా మోటారా బావా!” అని నవ్వి, ఆయన అత్తయ్య ఇచ్చిన కాఫీ ముక్కు మూసుకోకుండానే తాగి వెళ్ళాడు.

అలా చెరువు బతుకు వానాకాలానికి ముడిపడింది. మావయ్యలో ఎంత హుషారు వచ్చిందంటే, రిటైరయ్యాక ఆయన్ని అంత నిటారుగా నడవగా చూడలేదని అత్తయ్య అంది. ఆవిడే మళ్ళీ, “ఇన్నాళ్ళూ ఆ కొలిమిని ఏలుకున్నారు, ఇప్పుడీ చెరువుని చేరదీశారు. మధ్యలో నేనున్నాను, కాఫీలు కలపడానికి” అని కూడా అంది. కాలనీలో ఉన్న పాత కంట్రోల్ రూము మిత్రులు ఇద్దరు ముగ్గురు తోడయ్యారు. షిఫ్టులు వేసుకున్నారు. ఒకరు దిగేటప్పుడు ఇంకొకరికి గట్టుమీద నిలబడి చెరువుని అప్పగించేవారు: నీళ్ళ రంగు ఇది, వాసన ఇంత, కొంగలు ఫలానా మూల. ఆ దృశ్యం చూసినప్పుడల్లా నాకు నవ్వూ గౌరవమూ కలిసి వచ్చేవి. 

మొదటి మార్పు సున్నం. ఫర్నేస్‌లో సున్నపురాయి వేస్తే మలినాలన్నిటినీ పట్టుకుని చిట్టెంగా మారి పైకి తేలుతుంది. ఆ చిట్టేన్ని వేరే దారిలో బయటికి వదిలేస్తారు. చెరువుకి కూడా అదే వైద్యం అని మావయ్య తీర్మానం. బస్తాలు తెప్పించి, నీళ్ళలో కలిపి, గట్లమ్మట చల్లించి, చేతులు కట్టుకుని కూర్చున్నాడు. తరవాతి ఆదివారం నేను వెళ్ళేసరికి కంపు నిజంగానే తగ్గింది.

“చూశావా అమ్మాయ్!”

“చూశాను మావయ్యా. కానీ నువ్వు సున్నం వేసిన వారమే తొలకరి కూడా పడింది. నీళ్ళు పెరిగాయి. గాలి కూడా ఇటునుంచి అటు తిరిగింది. తగ్గించింది ఏదో ఎలా తెలుసు?”

“నేను మార్చింది సున్నం ఒక్కటే.”

“నువ్వు మార్చింది ఒక్కటే. మారింది ఒక్కటి కాదు.”

మావయ్య మొహం ముడుచుకుంది. ఆయన ఆచారంలో ఇమిడి ఉన్న ఒక ఊహని అప్పటిదాకా ఎవరూ వేలెత్తి చూపలేదు. ఫర్నేస్ దగ్గర నువ్వు చేతులు కట్టుకుంటే, తక్కిన ప్రపంచం కూడా మర్యాదగా చేతులు కట్టుకుంటుంది. ఖనిజం నిన్నటిదే, గాలి నిన్నటిదే, ఉక్కు గోడ నిన్నటిదే. కొన్ని వందలమంది మనుషులు జీతాలు తీసుకుని ప్రపంచాన్ని అలా నిలబెట్టి ఉంచుతారు. చెరువు దగ్గర ఆ మర్యాద ఎవరూ పాటించరు. నువ్వు ఫలితం కోసం ఎదురుచూస్తూ ఉండగానే కార్తె మారిపోతుంది, గెడ్డ పొంగుతుంది, కప్పలు గుడ్లు పెడతాయి, ఎగువన ఎవడో వర్క్‌షాపు కడుగుతాడు. అసలు చెరువు ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతుందని అడిగాను మావయ్యని. ‘గట్టు దగ్గర’ అన్నాడు. కొండమీద పడి నాలుగు రోజుల తరవాత ఇక్కడికి చేరే వాన చెరువులోదా కాదా? ఇక్కడ చేపని తిని ఆటోనగర్ చెట్టుమీద రెట్ట వేసే కొంగ చెరువులోదా కాదా? ‘నువ్వు ఇట్లా అడుగుతూ పోతే బంగాళాఖాతం దాకా పోవాలి’ అన్నాడు. పోవాలి. నా ఫిర్యాదు కూడా అదే.

అలాగని ఎదుటి పక్షం వాళ్ళు నాకు నచ్చుతారా అంటే, వాళ్ళు ఇంకా విసిగిస్తారు. ‘ప్రకృతిలో అంతా ఒకదానితో ఒకటి ముడిపడి ఉంది, దాన్ని మనం అర్థం చేసుకోలేం’ అని కళ్ళు అరమోడ్చి చెప్పేవాళ్ళు సభల్లో చాలామంది తగులుతారు. అంతా ముడిపడి ఉందనడం, ఊళ్ళో అందరూ బంధువులే అనడం వంటిది. సరే, ఎవరు ఎవరికి ఏమవుతారు? ఏ ముడి బిగుతు, ఏది వదులు? అది చెప్పనప్పుడు ఆ వాక్యం వల్ల అన్నవాడికి తృప్తి తప్ప విన్నవాడికి తెలిసిందేమీ లేదు. బాణాలవాళ్ళకి అన్నీ తెలుసు, ముడులవాళ్ళకి తెలియకపోవడమే ముద్దు. ఈ ఇద్దరి మధ్యా నిలబడి ‘కొంత తెలుసు’ అనేవాడి మాట వినడానికి ఎవరికీ ఓపిక లేదు. మావయ్య ఒక్కడికే ఉండేది, అదీ భోజనం అయ్యేవరకు.

ఆ రోజు గోంగూర పప్పు వడ్డిస్తుండగా ఇంకో మాట అన్నాను. ఫర్నేస్‌లో చిట్టెం బయటికి పోవడానికి దారి ఉంది, చెరువులో సున్నం పట్టుకున్న మలినం అడుగుకే పోతుంది, అక్కడే ఉంటుంది, దానికి బయటికి దారేది? మావయ్య ముద్ద కలపడం ఆపాడు. కాసేపు కిటికీలోంచి చెరువు వైపు చూశాడు. “అయితే ఆ గుర్రపుడెక్కే చిట్టెం!” అన్నాడు. “బురదలో ఉన్నదాన్నంతా పీల్చి పైకి తేలి కూర్చుంది. దాన్ని లాగి అవతల పారేస్తే మలినం పోయినట్టే కదా!” ఇందులో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు. ఆ మొక్క నీళ్ళలోని పోషకాలని పీల్చుకుంటుందన్నది నిజం. దాన్ని తీసేస్తే అవి కూడా పోతాయన్నది నిజం. దాని నీడలో దోమలు పెరుగుతాయన్నది కూడా నిజం. ఒక్కొక్కటీ ఆధారమున్న వాక్యమే. అన్నీ నిజమైన వాక్యాలని వరసగా పేర్చినంతమాత్రాన చివరి వాక్యం కూడా నిజమై తీరాలన్న నియమం చెరువుకి లేదన్న సంగతి పప్పు ముందు కూర్చున్నప్పుడు తట్టదు.

కూలీలని పెట్టి, తామూ దిగి, మావయ్య బృందం డెక్కంతా లాగించింది. నెత్తికి తువ్వాళ్ళు చుట్టుకుని, పంచెలు ఎగగట్టి, మోకాలిలోతు బురదలో ఆ పెద్దమనుషులు ‘లాగు బావా, లాగు’ అని అరుచుకుంటూ ఉంటే కాలనీ పిల్లలంతా గట్టుమీద చేరారు. లాగిన డెక్క గట్టు పక్కన కుప్పలుగా పడింది. ట్రాక్టరు రావలసినప్పుడు రాలేదు. అయినా చెరువు మాత్రం అద్దంలా తేలింది. ఆకాశం మొదటిసారి అందులో దిగింది. దోమలు తగ్గాయని అందరూ ఒప్పుకున్నారు. ప్రెసిడెంటు స్వయంగా వచ్చి, “బావా, నీ సెరువు కొత్త పెళ్ళికూతుర్లా ఉంది. షటిల్ కోర్టు ఇంకెక్కడన్నా సూసుకుంటాంలే” అన్నాడు. మావయ్య నాకు ఫోన్ చేసి ఆ మాట రెండుసార్లు చెప్పాడు. ‘ఎంతవరకు నిలుస్తుందో చూడాలి’ అన్నాను. ‘నీకు సంతోషం కూడా పరీక్ష చేశాకే పుడుతుందేమే’ అన్నాడు.

మరికొన్ని రోజులకి చెరువు ఆకుపచ్చగా మారడం మొదలైంది. పైన కప్పు పోయి ఎండ అడుగుదాకా తగిలేసరికి, ఇన్నాళ్ళూ నీడలో అణిగి ఉన్న సన్నటి నాచు నీళ్ళంతా అల్లుకుంది. నీళ్ళు పచ్చపెసలు రుబ్బిపోసినట్టు చిక్కబడ్డాయి. తరవాత వరసగా ముసురు పట్టింది. ఆ ముసురు మధ్యలో ఒక తెల్లవారుజామున బొచ్చెలన్నీ పైకి వచ్చి నోళ్ళు తెరిచి ఊపిరికి కొట్టుకున్నాయి. బాగా తెల్లారేసరికి తెల్లటి పొట్టలు పైకి పెట్టి తేలాయి. కొర్రమీనులు మాత్రం చావలేదు. అవి పైకి వచ్చి గాలి మింగి బతకగలిగిన జాతి. కాబట్టి పోయినది నీళ్ళలోని ప్రాణవాయువు అని నేను ధైర్యంగా చెప్పగలిగాను. ఆ సీజనంతటిలో నేను ధైర్యంగా చెప్పిన వాక్యం అదొక్కటే.

“సరే, ప్రాణవాయువు ఎందుకు పోయింది?” అన్నాడు మావయ్య. ఆయన గొంతులో అధికారం లేదు. గట్టుమీద గొడుగు కింద నిలబడి ఉన్నాం. వాసన భరించలేకుండా ఉంది.

ఆలోచించి చెప్పాను. రాత్రిపూట నాచు పీల్చుకుని ఉండవచ్చు. మబ్బు వల్ల పగలు అది తిరిగి ఇవ్వకపోయి ఉండవచ్చు. వేర్లు లాగినప్పుడు కదిలిన బురద తిని ఉండవచ్చు. గట్టున కుళ్ళుతున్న డెక్క కుప్పల రసం వానకి చెరువులోకి దిగి ఉండవచ్చు. గాలి ఆగిపోయి పైనీళ్ళూ అడుగునీళ్ళూ కలవకపోయి ఉండవచ్చు.

“ఇందులో ఏది?”

“అన్నీ కావచ్చు. ఏ ఒక్కటీ ఒంటరిగా చాలకపోవచ్చు. ముసురు లేకపోతే నాచు చంపేది కాదేమో. నాచు లేకపోతే ముసురు చంపేది కాదేమో. దేని వాటా ఎంత అని అడిగితే, ఆ ప్రశ్నకే అర్థం లేకపోవచ్చు మావయ్యా. అన్నం ఉడికింది నీళ్ళవల్ల ఎంత, నిప్పువల్ల ఎంత అంటే ఏం చెబుతాం?”

అప్పుడే కాఫీ ఫ్లాస్కు పట్టుకుని వచ్చిన అత్తయ్య ఆ మాట విని, “అన్నం మాడితే మాత్రం వండినదానివల్లే అంటారు. అది మాత్రం మీ ఇద్దరికీ తెలుసు” అంది.

సంఘం సమావేశం కమ్యూనిటీ హాల్లో జరిగింది. మావయ్య నన్ను రమ్మన్నాడు. ఆయన ఆశ అంతా ఒక్కటే: శాస్త్రం చదువుకున్న మనిషి లేచి, ఫలానా కారణం వల్ల ఇలా అయింది, ఆ కారణం తీసేస్తే బాగుపడుతుంది అని చెబితే ఇంకొక అవకాశం దొరుకుతుంది. ప్రెసిడెంటు కూడా నాకు మర్యాదగానే కుర్చీ వేయించాడు. “మేడమ్, మాకు పెద్ద సదువులు లేవు. ఒక్క ముక్కలో సెప్పండి. సేపలు ఎందుకు సచ్చేయి? మల్లీ సావవని గేరంటీ ఉందా?”

ఒక్క ముక్కలో చెప్పడం కుదరదని, తెలియకపోవడంలోనే మూడు రకాలున్నాయని మొదలుపెట్టాను. చూడలేదు కాబట్టి తెలియనిది ఒకటి. దానికి నీళ్ళు పరీక్ష చేయిస్తే చాలు. చూసినా విడదీయలేక తెలియనిది ఒకటి. కారణాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉంటాయి. ఇక మూడోది, మనం తెలుసుకునేలోగా ఆ వస్తువే మారిపోవడం వల్ల తెలియనిది. నిన్న సున్నం వేసిన చెరువు ఈవాళ్టి చెరువు కాదు. ఈ మూడిటికీ మందు ఒకటి కాదు. కాబట్టి తొందరపడి ఏ నిర్ణయమూ తీసుకోవద్దు. తెలియనిదాన్ని పూడ్చకండి, పూడ్చాక మళ్ళీ తెలుసుకోవడానికి ఏమీ ఉండదు.

హాల్లో కొన్ని తలలు ఊగాయి. నన్ను అర్థం చేసుకున్నారనే అనుకున్నాను. ప్రెసిడెంటు గొంతు సవరించుకున్నాడు.

“మేడమ్, మూడిట్లోనూ తెలీదనే కదా?”

నవ్వులు. నేను కాదనబోయాను. ఆయన చేత్తో ఆపాడు, దురుసుగా కాదు, జాలిగానే. “తెలీకపోతే వదిలెయ్యాలంతన్నారు. ఈదిలోకి తెలీని కుక్కొస్తే, అది కరుస్తాదో కరవదో తెలీదని వదిలేత్తామేటి? పిల్లలు తిరిగే సోటు.” చప్పట్లు. తీర్మానం చదివారు: నిపుణులు కూడా కారణం తెలియదని చెప్పినందువల్ల, ఆరోగ్యరీత్యా ఖాళీ స్థలాన్ని మట్టితో నింపాలి. నేను అన్న మాటల్లో ఒక్క ముక్క మిగిలింది, అదీ నా మాటే. దాని ముందూ వెనకా ఉన్నదంతా రాలిపోయింది. ఇన్నేళ్ళ వృత్తిలో ఎందరో నా వాక్యాలని ఖండించారు, అది భరించగలను. ఇలా ఒప్పుకుని ఓడించడం మాత్రం ఎలా ఎదుర్కోవాలో నాకు ఎవరూ నేర్పలేదు. సందేహం అన్నది శాస్త్రంలో జాగ్రత్త. హాల్లో అది అనుమతి పత్రం.

లారీలు వచ్చిన రోజున మావయ్య వరండాలోకి కూడా రాలేదట. కొర్రమీనులని ఎవరో బకెట్లలో పట్టుకుపోయారట. నేను వెళ్ళేసరికి అక్కడ ఎర్రమట్టి నేల, దానిమీద సున్నంతో గీసిన గీతలు, రెండు స్తంభాల మధ్య నెట్. నిజం చెప్పాలంటే కంపు లేదు. దోమలు మాత్రం ఎప్పటిలాగే ఉన్నాయి. కాని ముందు ఎన్ని ఉండేవో ఎవరూ లెక్కపెట్టలేదు కనక తగ్గాయనేవాళ్ళు తగ్గాయనీ, లేదనేవాళ్ళు లేదనీ అంటున్నారు.

ఆ తరవాతి వానాకాలం ఒక రాత్రంతా కురిసిన వానకి ఆ వీధిలో నీళ్ళు ఇళ్ళలోకి వచ్చాయి. మావయ్య ఇంట్లో మోకాలిలోతు. నేను వెళ్ళేసరికి పరుపులు గోడలకి ఆనించి ఉన్నాయి; అత్తయ్య గోధుమపిండి డబ్బాలు మంచం మీద పేర్చుకుని వాటి పక్కనే కూర్చుంది. ప్రెసిడెంటు ప్యాంటు మడిచి, చెప్పులు చేత్తో పట్టుకుని, తిన్నగా నా దగ్గరికే వచ్చాడు.

“మేడమ్, మీరొక్క మాట రాసియ్యాల. సెరువు కప్పెయ్యడం వల్లే నీల్లొచ్చేయని. సంతకం ఎట్టండి. అది కార్పొరేషనుకి పట్టుకెల్తే పెద్ద కాలవ శాంక్షన్ సేత్తారు.”

“మీరే కదండీ కప్పించారు?”

“కప్పించేను. తప్పయిపోయింది. ఇప్పుడు ఆ తప్పేదో రాసియ్యండంతన్నాను.”

నా మనసులో ఉన్నదీ అదే. నీళ్ళు ఆగే పల్లం పోతే నీళ్ళు ఇళ్ళు వెతుక్కుంటాయన్నది సామాన్య జ్ఞానం. కాని ఆ రాత్రి వాన మామూలు వాన కాదు. రోడ్డు కింది తూము మట్టి లారీల వల్ల పూడిందో, ప్లాస్టిక్ వల్ల పూడిందో ఎవరూ దిగి చూడలేదు. ఎగువన కొండ పక్క కొత్త ఇళ్ళు లేచాయి. చెరువే ఉన్నా ఆ వానకి పొంగి ఉండేదేమో. ‘పూడ్చడం ఒక కారణం అయి ఉండవచ్చు, తూముని కూడా పరిశీలించాలి’ అని రాస్తానన్నాను.

“ఉండొచ్చు అంటే కాలవియ్యరు మేడమ్!” అన్నాడాయన, దాదాపు ఏడుపు గొంతుతో.

మావయ్య మెట్టుమీద కూర్చుని, తడిసిన గోడగడియారాన్ని తువ్వాలుతో తుడుస్తున్నాడు. తల ఎత్తకుండానే అన్నాడు. “అప్పుడు తెలియదన్నావు, చెరువు పోయింది. ఇప్పుడు తెలియదంటున్నావు, ఇల్లు నానుతోంది. నీకు తెలిసేసరికి తెలుసుకోవడానికి ఏం మిగులుతుందే అమ్మాయ్?”

ఆయన అన్నది అన్యాయం. నేను తెలియదనడం వల్ల చెరువు పోలేదు; నేను ఏమన్నా పోయేది. అయినా ఆ ప్రశ్నలో తర్కదోషం వెతకడానికి ఆ రోజు నాకు మనసొప్పలేదు. ఒప్పినా దొరికేది కాదు. ప్రెసిడెంటుకి నేను నమ్మిన వాక్యమే రాసిచ్చాను, ‘ఉండవచ్చు’ తీసెయ్యకుండానే. ఆయన దాన్ని రెండుసార్లు చదువుకుని, మడిచి, జేబులో తడి తగలని చోట పెట్టుకుని వెళ్ళిపోయాడు. కాలవ ఇంకా రాలేదు. మావయ్య, నేను ఇప్పటికీ మాట్లాడుకుంటాం, పప్పూ తింటాం, చెరువు ఊసు మాత్రం ఇద్దరమూ ఎత్తం. దేన్నయినా అర్థం చేసుకోవడానికి కొంత కాలం పడుతుంది, అది బతికి ఉండడానికి కొంత కాలమే ఉంటుంది. ఈ రెండు కాలాలూ ఒకే పొడవున ఉంటాయని మనకెవరూ మాట ఇవ్వలేదు.